సగాల అత్తయ్య

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో ఆమె కూర్చునే చోటు బాగా ఇరుకు. మోచెయ్యి కాస్త జరిగితే అద్దాల అంచులు అరగదీసే యంత్రానికి తగులుతుంది, ఇంకాస్త జరిగితే ఫ్రేముల సొరుగులకు. ముందు గదిలో కళ్ళ డాక్టరు పరీక్ష చేసి చీటీ రాసిస్తాడు. చీటీ ప్రకారం అద్దం అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి, కొనుక్కున్నవాళ్ళ ముక్కు మీద కుదురుగా నిలిచేదాకా కాడలు వంచి సరిచేసే పని ఆమెది. పడుచుతనంలో ఆ కుర్చీలో కూర్చుంది, యాభై దాటినా అదే కుర్చీ. మధ్యలో పెళ్ళయింది, నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు కూడా రెండోసారి అడగలేదు. తమ్ముడి ఇంట్లో మేడమీది గది ఆమెది. మరదలు పొద్దస్తమానం “వదినా, వదినా” అని పిలుస్తూనే ఉంటుంది. ఒక్కోసారి పిలిచిన పని ఏమిటో పిలిచాక మరిచిపోతుంది కూడా.

ఆమెకు కంప్యూటర్ ఆట అంటించింది మేనకోడలు. మనుషుల్ని తయారుచేసి, ఇల్లు కట్టించి, ఉద్యోగాలకు పంపి, వంటలు చేయించి, పోట్లాడించి, మళ్ళీ కలిపే ఆట అది. పిల్ల చదువుకని హాస్టల్‌కు వెళ్ళిపోతూ పాత కంప్యూటర్ వదిలేసి వెళ్ళింది. ఇల్లు బోసిపోయింది. ఒక రోజు ఆమెకు పిల్ల కట్టిన ఇళ్ళూ, వాటిలోని మనుషులూ గుర్తొచ్చారు. పాపం తిన్నారో లేదో చూద్దామని కంప్యూటర్ పెట్టింది. అలా కూర్చున్న మనిషి మరి లేవలేదు.

ఆటతోపాటు వచ్చే సామాన్లు కొన్నే. కానీ ఆడేవాళ్ళలో చేయి తిరిగినవాళ్ళు సొంతంగా కుర్చీలు, కర్టెన్లు, జుట్లు, చొక్కాలు తయారుచేసి అందరికీ పంచుతుంటారు. కస్టమ్ కంటెంట్ అంటారు వాటిని. ఒక్కో వస్తువుకు ఒక్కో ఫైలు. ఆ ఫైలు తెచ్చి ఆట ఫోల్డర్‌లో పడేస్తే చాలు, ఆటలో ఆ వస్తువు ప్రత్యక్షమవుతుంది. ఇక చెప్పేదేముంది! బయట ఒక చొక్కా కొనడానికి పది దుకాణాలు తిరిగే మనిషి, ఇక్కడ మాత్రం కంటబడిందల్లా తెచ్చుకుంది. కూజాలు, దీపాలు, పుస్తకాల బీరువాలు, గాలికి ఊగే తెరలు. ఫోల్డర్ వేల ఫైళ్ళతో కిక్కిరిసిపోయింది.

అప్పుడొచ్చింది తంటా. ఆట తయారుచేసినవాళ్ళు కొత్త అప్‌డేట్ పంపారు. అది ఎక్కించుకుని ఆట తెరిచేసరికి, కొత్త కోడలి తల ఉండాల్సిన చోట ఖాళీ. జుట్టు మాత్రం గాల్లో తేలుతోంది. ఉయ్యాలలో చంటిపిల్లకు గుబురు మీసాలు. తాతగారు సోఫాలో నడుందాకా కూరుకుపోయి తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. పక్కన నిలబడి చూస్తున్న మరదలు కెవ్వుమంది. తర్వాత ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. నవ్వు తగ్గాక ఆమె మేనకోడలికి ఫోన్ చేసింది.

“అన్నీ డిలీట్ చేసెయ్ అత్తా. మళ్ళీ కొత్తగా మొదలుపెట్టుకో” అంది పిల్ల.

“అన్నీనా?”

“ఎక్కడో ఒక ఫైలు పాడైంది. ఏదని వెతుకుతావ్? నీ దగ్గరేమో సంతంత ఉంది.”

“ఒకటి పాడైతే అన్నిట్నీ ఎందుకే పారెయ్యడం?”

పిల్ల గొంతులో కాస్త గౌరవం వినిపించింది. “ఓపికుంటే ఒక దారుంది. అన్నీ బయటికి తీసెయ్. సగం మాత్రం లోపల పెట్టి ఆట తెరువు. తేడా కనబడితే పాడైంది ఆ సగంలో ఉన్నట్టు. కనబడకపోతే రెండో సగంలో ఉన్నట్టు. ఎందులో ఉందో దాన్ని మళ్ళీ సగం చెయ్. అలా చేసుకుంటూ పోతే చివరికి ఒక్కటే మిగులుతుంది. అన్నట్టు, ప్రతిసారీ ఆట తన గుర్తుకోసం దాచుకునే క్యాష్ ఫైలు తీసెయ్యాలి. లేకపోతే పాత సంగతులే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది.”

“అంతేనా?”

“అంతే. కానీ విసుగు పుడుతుంది.”

విసుగు ఆమెకు పుట్టలేదు. సెలవు రోజు కాఫీ తాగి కూర్చుంటే మధ్యాహ్నం భోజనాల వేళకు దొంగ దొరికిపోయింది. ఎప్పుడో తెచ్చుకున్న ఒక జుట్టు ఫైలు. తెచ్చుకునేటప్పుడు మధ్యలో నెట్ ఆగిపోయి సగమే దిగింది. ఆ సగాన్ని పాత ఆట ఎలాగో నెట్టుకొచ్చింది గానీ కొత్త ఆట తట్టుకోలేకపోయింది. ఆ ఒక్కదాన్ని తీసేయగానే కోడలికి తల వచ్చింది, పిల్లకు మీసాలు పోయాయి, తాతగారు సోఫా పైకి తేలాడు. మేనకోడలికి పరీక్షలో మొదటి మార్కు వచ్చిన రోజున కూడా ఆమె అంత పొంగిపోలేదని మరదలు ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ ఆట ఆడేవాళ్ళకు ఫోన్‌లో ఒక గుంపు ఉంది. అందులో రోజూ ఎవరో ఒకరు లబోదిబోమంటూనే ఉంటారు. ఒకరి కుక్క వంటగదిలో గిరగిరా తిరుగుతూ ఆగదు. ఒకరి పెళ్ళికొడుకు సరిగ్గా పెళ్ళివేళకు పైకప్పు దాకా సాగిపోయాడు. ఆమె మధ్యాహ్నం భోజనం ముగించి చెయ్యి కడుక్కుని, మళ్ళీ యంత్రం ముందు కూర్చునేలోపు వాళ్ళకు జవాబులు రాసేది. ఎవరేం అడిగినా మొదటి మాట ఒకటే: “కంగారు పడకండి. ముందు మొత్తం ఇంకోచోట కాపీ పెట్టుకోండి. తర్వాత సగం తీసెయ్యండి.” అలా ఆమెకు సగాల అత్తయ్య అని పేరు పడిపోయింది. అసలు పేరు అడిగినవాళ్ళు లేరు.

ఎవర్నీ ఆమె వెక్కిరించదు, అదే ఆమె గొప్ప. ఇంత చెత్త ఎందుకు తెచ్చి పోసుకున్నారని ఒక్కరిని కూడా అనలేదు. ఒక అమ్మాయి నాలుగు రకాల పాదరక్షల కోసం ఏడిస్తే, ఆ నాలుగు రకాలకోసమూ ఓపిగ్గా సాయం చేసింది. చూసేవాళ్ళకు బొమ్మ చెప్పులే కావచ్చు. వాటిని ఏరి తెచ్చుకున్న పిల్లకు అవి ఏమిటో మనకేం తెలుసు అనేది.

ఆ దుకాణానికి ఒక రోజు పొద్దున్నే రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. డాక్టరు అక్షరాల పట్టిక చూపిస్తే అడుగు వరస దాకా తడుముకోకుండా చదివేశాడు. డాక్టరు తల గోక్కుని, వెనక గది వైపు తిరిగి పిలిచాడు.

“అక్కా, ఒకసారి ఇలా రా. ఈయన కళ్ళు నా కళ్ళకన్నా బాగున్నాయి. కానీ ఎర్రటి ప్రశ్నార్థకాలు కనబడుతున్నాయంటున్నారు.”

“గోడలన్నిటి మీదా కనబడుతున్నాయమ్మా” అన్నాడు డ్రైవరు. “కుర్చీల మీద, తలుపుల మీద. మా ఆవిడ మొహం మీద కూడా.”

“రోడ్డు మీద కనబడతాయా?” అడిగాడు డాక్టరు.

“లేదండీ. మా ఆవిడ కంప్యూటర్లోనే.”

“మరి ఆవిణ్ణి కూడా వెంట తీసుకురావలసింది.”

“ఆవిడ పోయి రెండేళ్ళవుతోందండీ.”

డాక్టరు ఆమె వంక చూశాడు, ఏం చేద్దాం అన్నట్టు. ఆమె చేతిలోని ఫ్రేము కింద పెట్టింది.

“అన్నయ్యగారూ, ఇల్లు కట్టి మనుషుల్ని పెట్టే ఆటేనా అది? వాళ్ళంతట వాళ్ళు తిరుగుతుంటారు, వండుకుంటారు, పడుకుంటారు?”

ఆయన ముఖం విప్పారింది. “మీకెలా తెలుసు?”

“మీ కళ్ళకేం కాలేదు. ఆటకు జబ్బు చేసింది.”

“అయితే మా ఆవిడకేం కాలేదా?”

“ఏం కాలేదు” అనేసింది ఆమె. తొందరపడి మాట ఇచ్చేశానా అని తర్వాత ఆ రోజంతా మనసు పీకుతూనే ఉంది.

సెలవు రోజు మరదల్ని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు. రెండు గదులు, కిటికీ దగ్గర ఒక బల్ల, బల్ల మీద కంప్యూటర్. బల్ల ముందున్న కుర్చీ వెనక్కి ఒక శాలువా వేసి ఉంది. ఆయన ఆ కుర్చీలో కూర్చోకుండా పక్కన ఒక స్టూలు వేసుకున్నాడు. ఆమె అది గమనించి, తనకూ ఒక స్టూలు ఇమ్మంది.

ఆయన భార్య బళ్ళో డ్రాయింగు టీచరు. మోకాళ్ళు పట్టేసి బడి మానేశాక, ఆ కిటికీ దగ్గర కూర్చుని ఈ ఆట పట్టుకుంది. ఊరికే ఆడటం కాదు, సొంతంగా వస్తువులు చేయడం కూడా నేర్చుకుంది. ఆటలో తమ ఇల్లే కట్టింది. ఇవే రెండు గదులు, ఇదే కిటికీ. తననూ, భర్తనూ అచ్చుగుద్దినట్టు చేసింది. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ దూరపు సర్వీసులే. వారంలో సగం రోజులు రోడ్డు మీదే. భార్య కంప్యూటర్‌లో ఏం చేస్తోందో ఎప్పుడూ తొంగి కూడా చూడలేదు. ఆమె పోయాకే ఒక రోజు తెరిచి చూశాడట.

“ఆటలో నన్ను డ్రైవర్ని చెయ్యలేదమ్మా” అన్నాడాయన టీ కప్పులు అందిస్తూ. “పూలతోటలో పని ఇచ్చింది. పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటాను.”

మరదలు మొహం పక్కకు తిప్పుకుంది.

ఆయన ఆట ఆడడు. ఏదీ ముట్టుకోడు. రోజూ సాయంత్రం తెరిచి, వాళ్ళిద్దరూ ఇంట్లో తిరుగుతుంటే చూసి, మూసేస్తాడు. నెల కిందట కంప్యూటర్ ఏదో అడిగితే సరే అని నొక్కాడు. ఆ నొక్కుడుతో అప్‌డేట్ ఎక్కింది, ఎర్రటి గుర్తులు పడ్డాయి.

ఆమె ముందుగా ఫోల్డర్ మొత్తాన్ని రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేసి, ఒకటి ఆయన చేతిలో పెట్టింది. “ఇప్పుడు నేనేం చేసినా మీ ఇల్లు ఇందులో క్షేమంగా ఉంటుంది. దాచుకోండి.” ఆయన దాన్ని బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళం జేబులో వేసుకుని, జేబు తడిమి చూసుకున్నాడు.

తర్వాత అన్ని ఫైళ్ళూ బయటికి తీసి ఆట తెరిచింది. ఎర్రటి గుర్తులు లేవు. ఇల్లు చాలావరకు ఖాళీ. వంటగది గుమ్మంలో ఆయన భార్య బొమ్మ నిలబడి ఉంది. తను చేసుకున్న బట్టలూ జుట్టూ లేకపోయేసరికి ఆట తన దగ్గరున్న బనీనూ లాగూ తొడిగింది. ఆయన గభాలున తల తిప్పుకున్నాడు.

“ఆవిడ ఇలాంటివి చచ్చినా వేసుకోదు.”

“మగవాళ్ళకి ఆ మాత్రం గుర్తుండటమే గొప్ప అన్నయ్యగారూ. మా ఆయనకి నేను నిన్న కట్టిందేమిటో కూడా తెలీదు” అంది మరదలు. ఆయన నవ్వాడు. ఆ నవ్వుతో గది కాస్త తేలికపడింది.

ఇక సగాలు మొదలయ్యాయి. మొదటి సగం పెట్టి చూస్తే ఎర్ర గుర్తులు. సరే, ఇందులో ఉందన్నమాట అనుకుని, ఎందుకైనా మంచిదని దాన్ని తీసి రెండో సగం పెట్టింది. అందులోనూ ఎర్ర గుర్తులు. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. ఆమె నుదురు ముడిపడింది. క్యాష్ ఫైలు తీయడం మరిచిపోయానా? లేదు. టీ చల్లారిపోయింది. అప్పుడు వెలిగింది ఆమెకు, పాడైంది ఒక్కటి కాదు. ఒకటి ఈ సగంలో ఉంది, ఇంకొకటి ఆ సగంలో. ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు?

ఆ రోజుతో తేలలేదు. వరసగా సెలవు రోజులన్నీ ఆ మూడో అంతస్తులోనే గడిచాయి. డ్రైవరు గారు మొదట్లో చేతులు కట్టుకుని చూసేవాడు. తర్వాత తర్వాత ఫైళ్ళు తనే జరపడం నేర్చుకున్నాడు. “రెడీ, బయల్దేరదామా?” అని అడిగి మరీ ఆట తెరిచేవాడు, ప్రయాణికులందరూ ఎక్కారో లేదో చూసుకునేవాడిలా. ఎక్కడినుంచో తెచ్చుకున్న ఒక దీపం ఫైలు దొరికింది. ఇంకో వారం ఒక కర్టెన్ దొరికింది. రెండూ తీసేశాక ఎర్రటి గుర్తులు పూర్తిగా మాయమయ్యాయి. భార్య బొమ్మకు తన జుట్టు, తన బట్టలు తిరిగి వచ్చాయి. ఆయన స్టూలు తెరకు దగ్గరగా జరుపుకున్నాడు.

“అదిగో, వచ్చేసింది” అన్నాడు, ఊరినుంచి వచ్చిన మనిషిని చూసినట్టు.

కానీ ఆటలో సాయంత్రం అయ్యేసరికి అంతా బిగుసుకుపోయింది. ఉలుకూ పలుకూ లేదు. ఆకు కదలదు, గడియారం కదలదు. మళ్ళీ తెరిచారు. మళ్ళీ సాయంత్రం దాకా బాగానే నడిచి, అదే చోట ఆగిపోయింది. ఆమె మూడోసారి కళ్ళార్పకుండా చూసింది. ప్రతిసారీ ఆగిపోయే ముందు భార్య బొమ్మ చేస్తున్న పని ఒకటే. వంటగదిలోంచి బయటికి వచ్చి, కిటికీ దగ్గర కూర్చోడానికి వేసిన మెత్త బల్ల వైపు నడుస్తుంది. దాని మీద కూర్చోబోతుంది. అంతే.

ఆ బల్ల బయటినుంచి తెచ్చింది కాదు. డ్రైవరు గారి భార్య స్వయంగా చేసుకున్నది. మెత్త మీద నీలం గుడ్డ, గుడ్డ నిండా పసుపు పచ్చ పిట్టలు. ఆటలో ఆవిడ రోజూ సాయంత్రం అక్కడ కూర్చుని, తోటపని నుంచి వచ్చే భర్తకోసం ఎదురుచూస్తుంది.

సగాల అత్తయ్యకు విషయం అప్పుడే అర్థమైంది. అయినా సగాలు పూర్తిగా చేసింది. తన అంచనా తప్పు కావాలని ఆమె మనసులో కోరుకున్న సందర్భం అదొక్కటే. తప్పు కాలేదు. చివరికి ఫోల్డర్‌లో ఆ ఒక్క ఫైలే మిగిలింది.

“అన్నయ్యగారూ, పాడైంది ఆ బల్ల.”

“బాగుచెయ్యలేరా?”

“నాకు పాడైనవి తీసెయ్యడమే వచ్చు. చెయ్యడం రాదు.”

“తీసేస్తే సాయంత్రం ఆవిడ ఎక్కడ కూర్చుంటుంది?”

ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

“వద్దమ్మా” అన్నాడాయన. “అలాగే ఉండనివ్వండి. సాయంత్రం దాకా చూసుకుంటాను. ఆగిపోతే మూసేస్తాను.”

“మీరు వద్దంటే తియ్యను” అంది ఆమె. బల్లను ఎక్కడిదక్కడ పెట్టి, కంప్యూటర్ మూసి, మెట్లు దిగింది. ఇంటికి వెళ్ళే బస్సులో మరదలు చాలాసేపు ఆపుకుని, చివరికి అడిగింది.

“ఒక బల్లే కదా వదినా. ఆటలో ఇంకోటి పెడితే పోలా?”

“నువ్వైతే పెట్టుకుంటావా?”

మరదలు కిటికీలోంచి బయటికి చూసింది. రెండు స్టాపులు దాటాక, “పెట్టుకోను” అంది.

మర్నాడు ఆమె మేనకోడలికి ఫోన్ చేసింది. “నాకు బల్ల చెయ్యడం నేర్పవే.” పిల్లకు తెలిసింది కొంచెమే. మిగతాది గుంపులో వస్తువులు చేసేవాళ్ళను అడిగి తెలుసుకుంది. ఇన్నాళ్ళూ వాళ్ళకు జవాబులు చెప్పిన అత్తయ్య మొదటిసారి ప్రశ్న అడిగేసరికి, ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. వస్తువు ఫైలును విప్పి చూసే పరికరం ఒకటి ఉంటుంది. దానితో బల్ల ఫైలు విప్పింది. లోపల మూడు సంగతులున్నాయి. పిట్టల గుడ్డ చిత్రం ఒకటి, చెక్క ఆకారం ఒకటి, మనిషి ఎక్కడ ఎలా కూర్చోవాలో చెప్పే ఆనవాలు ఒకటి. గుడ్డ చిత్రం చెక్కుచెదరలేదు. తక్కిన రెండూ ఆటలోని ఒక పాత బల్లను ఆధారం చేసుకుని చేసినవి. అప్‌డేట్ వచ్చాక ఆ పాత బల్ల కొలతలు మారిపోయాయి. కూర్చోమని చెప్పిన చోటు ఇప్పుడు ఆటలో లేనే లేదు. అందుకే ఆ బొమ్మ అక్కడిదాకా వెళ్ళి, కూర్చోనూ లేదు, తిరిగి రానూ లేదు. ఆమెకోసం ఆటంతా నిలబడిపోతోంది.

అయితే చెక్క మళ్ళీ చేయాలి, గుడ్డ మాత్రం ఆవిడదే పరవాలి.

చెప్పినంత తేలికగా జరగలేదు. ఆమె చేసిన మొదటి బల్ల గాల్లో వేలాడింది. రెండోదాని మీద పిట్టలన్నీ తలకిందులయ్యాయి. మూడోదాని మీద కూర్చున్న బొమ్మ మోకాళ్ళ దాకా గోడలో దూరిపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఒక దశలో మేడమీది నుంచి దిగివచ్చి, “నావల్ల కాదే” అని మరదలి ముందు కూలబడింది. మరదలు ఏమీ అనకుండా వేడి కాఫీ ఇచ్చింది. తాగి మళ్ళీ పైకెళ్ళింది. ఏ ముక్కుకు ఏ కాడ ఎంత వంచాలో బతుకంతా వంచి చూసుకున్న మనిషి. ఒక చోట కాస్త తగ్గించి, ఒక చోట కాస్త పెంచి, ఆట తెరిచి చూసి, మూసి, మళ్ళీ తగ్గించి, అలా పొద్దుటిపూటలన్నీ ఖర్చుపెట్టింది. ఆ రోజుల్లోనే గుడ్డ మీది పిట్టల్ని దగ్గరగా చూసింది. అన్నీ ఒకవైపు చూస్తుంటే ఒక్క పిట్ట ముక్కు మాత్రం రెండోవైపుకు ఉంది. గీసేటప్పుడు పొరబాటు జరిగి ఉంటుందనుకుంది. సరిదిద్దడం నిమిషం పని. కానీ దిద్దలేదు.

బల్ల కుదిరిన వారం డ్రైవరు గారి ఇంటికి వెళ్ళింది.

“ముందే చెబుతున్నాను అన్నయ్యగారూ. ఇది ఆవిడ చేసిన బల్ల కాదు. గుడ్డ ఆవిడది, చెక్క నాది. చేతులు ఆనించే చోట ఆవిడ చేసినంత అందంగా రాలేదు. పాత ఫైలు చెరపలేదు, విడిగా భద్రంగా పెట్టాను. చూసి మీకు వద్దనిపిస్తే ఇది తీసేస్తాను.”

ఆయన తలూపాడు. ఆట తెరిచారు. తెర మీద పగలు గడిచింది. భార్య బొమ్మ వంట ముగించి, చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. కిటికీ వైపు నడిచింది. బొమ్మ బల్ల దగ్గర ఆగి, ఒక్క క్షణం తటపటాయించినట్టు నిలబడి, కూర్చుంది. ఒక చెయ్యి చెక్క మీద ఆనించింది. గడియారం నడుస్తూనే ఉంది. కాసేపటికి తలుపు తెరుచుకుని తోటమాలి లోపలికి వచ్చాడు, బట్టలకు మట్టితో. ఇద్దరూ ఏదో చెప్పుకున్నారు. దీపాలు వెలిగాయి. ఇన్నాళ్ళుగా రాని రాత్రి ఆ ఇంట్లోకి వచ్చింది.

డ్రైవరు గారు తెర మీద వేలు పెట్టి చూపించాడు. “ఈ పిట్ట ముక్కు అలాగే ఉంచారే.”

“దిద్దడానికి నేనెవర్ని?”

“ఆవిడ ఈ పిట్టల్ని మొదట కాగితం మీద గీసింది. నేను చూసి, ఇదొక్కటి తప్పు గీశావు అన్నాను. అది నువ్వే, ఎప్పుడు చూసినా రోడ్డు వైపే చూస్తుంటావు అంది.” ఆయన నవ్వేశాడు. “అవునమ్మా, అలాగే చూసేవాణ్ణి.”

ఆమె తన అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

వెళ్ళబోతుంటే ఆయన ఒకటి అడిగాడు. ఆటలో మనుషులకు వయసు పెరుగుతుంది. పెరగకుండా ఆపుకోనూ వచ్చు. భార్య ఇద్దరికీ ఆపేసి ఉంచింది.

“నా ఒక్కడికి నడిపించొచ్చా?”

“ఎందుకన్నయ్యగారూ?”

“నాకిక్కడ జుట్టంతా తెల్లబడిపోయింది. అక్కడ వీడింకా నల్లజుట్టు వేసుకుని తిరుగుతున్నాడు. ఆవిడకి నేను ముసలాణ్ణయ్యాక ఎలా ఉంటానో చూసే వీలు లేకపోయింది.”

వయసు పూర్తిగా ఆపకుండా, బొమ్మ చనిపోయేదాకా పోనివ్వకుండా, జుట్టు తెల్లబడేంత వరకే నడిపించే మార్గం వెతికి ఆమె అలాగే చేసిపెట్టింది.

అప్పటినుంచి ఆయన రోజూ ఆట తెరవడం తగ్గించాడు. వారానికోసారి చాలంటాడు. మిగతా రోజుల్లో గుంపులో కూర్చుంటాడు. సగాల అత్తయ్య దుకాణంలో పనిమీద ఉన్నప్పుడు ఎవరైనా కంగారుగా అడిగితే ఆయనే అందుకుంటాడు. ఆయన జవాబులు బస్సులో చెప్పినట్టే ఉంటాయి: “తోసుకోకండి, ఒక్కొక్కరుగా చెప్పండి. ముందు కాపీ. క్యాష్ తీశారా? ఇప్పుడు సగం దింపండి.” ఒకసారి ఒక కుర్రవాడు మొత్తం పారేసి కొత్తగా మొదలుపెడతానంటే, డ్రైవరు గారు రెండు రోజులు వాడితో మాట్లాడుతూ కూర్చుని పాడైన చొక్కాను పట్టించాడు. ఆ సంగతి చెప్పడానికి పనిగట్టుకుని కళ్ళద్దాల దుకాణానికి వచ్చాడు. డాక్టరు ఆయనకు కుర్చీ వేసి, “ఇప్పుడు ఏ గుర్తులు కనబడుతున్నాయండీ?” అని అడిగాడు. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆమె చేతికి అన్నీ లొంగుతాయని కాదు. ఒక ఆవిడ దాచుకున్న ఆట పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది, ఎక్కడా కాపీ లేదు. సగాల అత్తయ్య నీళ్ళు నమలకుండా, అది తిరిగి రాదని చెప్పేసింది. చెప్పి ఊరుకోలేదు. ఆవిడ తన ఆటలో ఎవరెవరు ఉండేవారో, ఏ ఇంట్లో ఏ రంగు గోడలో చెబుతుంటే మధ్యాహ్నాలన్నీ వింది. విన్నంత మేరకు ఇద్దరూ కలిసి మళ్ళీ కట్టారు.

బల్ల చేయడం వచ్చాక ఆమె ఇంకా కొన్ని చేసింది. రెండు స్టూళ్ళు, ఒక చిన్న అలమర. గుంపులో పెడితే జనం ఎగబడి తీసుకున్నారు. అవి తమ ఆటలో పాడైతే ఏం చేయాలని ఒకరు అడిగితే, “నాకు చెప్పండి, మళ్ళీ చేస్తాను” అని రాసింది.

మొన్నొక సెలవు రోజు ఆమె ఒక కొత్త ఇల్లు కడుతోంది. మరదలు బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని, ఏరుతున్నట్టే ఉండి, తెర వంకే చూస్తోంది.

“వదినా.”

“ఊఁ.”

“నన్ను కూడా పెట్టవూ అందులో.”

“పెడతానుండు.”

“కాస్త సన్నగా పెట్టు.”

“ఉన్నదున్నట్టే పెడతాను.”

“పోనీ, ఆయన నా మాట వినేలా పెట్టు.”

“అలాంటి ఫైలు ఇంకా ఎవరూ చెయ్యలేదే” అంది ఆమె. కింద గదిలో ఉన్న తమ్ముడికి వాళ్ళిద్దరూ అంత గట్టిగా ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు.